అనుమతి గారికి ఒక మనవి

అనుమతి గారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం రాసేముందు మిమ్మల్ని అడగాల్సింది. అడగలేదు, మన్నించండి.

ఆడవాళ్ళ ఉద్యోగాల శాఖ నుంచి మీరు రిటైరయ్యారని చాలామంది నమ్ముతున్నారు. కాగితాలు చూస్తే నిజమే అనిపిస్తుంది. ఫ్రాన్సులో పెళ్ళయిన స్త్రీ భర్త ఒప్పుకోకపోయినా ఉద్యోగంలో చేరవచ్చని 1965లో చట్టం చేశారు. పెళ్ళయిందంటే ప్రభుత్వ ఉద్యోగిని ఇంటికి వెళ్ళిపోవాల్సిన నియమాన్ని ఐర్లాండు 1973లో ఎత్తేసింది. ఇంటి బాధ్యతలకు అడ్డురాకపోతేనే భార్య ఉద్యోగం చేయాలన్న పశ్చిమ జర్మనీలో మాత్రం 1977 దాకా మీరు కుర్చీ వదల్లేదు.

మన దగ్గర మీ సర్వీసు ఇంకా ముచ్చటైనది. విదేశాంగ సర్వీసులో ఉన్న మహిళ పెళ్ళి చేసుకోవాలంటే ముందు ప్రభుత్వం నుంచి మిమ్మల్ని రాతపూర్వకంగా తెచ్చుకోవాల్సి ఉండేది. ఆ సర్వీసులో చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మ కోర్టుకెక్కితే, 1979లో సుప్రీంకోర్టు ఆ నియమాన్ని గట్టిగా తప్పుపట్టింది. 1981లో ఎయిర్ ఇండియా ఎయిర్ హోస్టెస్‌ల కేసులో, మొదటి గర్భానికే ఉద్యోగం పీకేయడం కుదరదంది. చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకుంటే పీకేయడం మాత్రం సబబేనంది. మీకు మరీ అన్యాయం జరగకూడదని కాబోలు.

మీ డ్యూటీ వేళలు కూడా విచిత్రం. అమెరికాలో 1932లో, ఖర్చు తగ్గించుకునేటప్పుడు ఫెడరల్ ఉద్యోగాల్లో భార్యాభర్తలిద్దరూ ఉంటే ఒకరిని ముందు తీసేయమన్నారు. ఎవరినో చట్టంలో రాయలేదు. రాయకపోయినా పోయింది ఎక్కువగా భార్యలే. పదేళ్ళు తిరిగేసరికి యుద్ధం, ఫ్యాక్టరీల్లో మగవాళ్ళ కరువు. మీరు చెప్పాపెట్టకుండా సెలవు మీద వెళ్ళిపోయారు! ఓడలకు వెల్డింగ్ చేయడానికి ఆడవాళ్ళు అప్పటికప్పుడు పనికొచ్చారు. యుద్ధం ముగిసిందో లేదో, మీరు మళ్ళీ హాజరు.

కూలి పనికి, పరాయి ఇళ్ళలో పాచిపనికి వెళ్ళే ఆడవాళ్ళ దగ్గర మీరు ఎప్పుడూ కనిపించరు. ఆకలి ఉన్న గుమ్మం మీకు గిట్టదు. నాలుగు డబ్బులు చేరాక మీ గృహప్రవేశం. రెండు వందల ఏళ్ళ అమెరికా లెక్కలు తిరగేసి, పెళ్ళయిన స్త్రీల ఉపాధి ముందు తగ్గి తర్వాత పెరిగిందని చూపించిన ఆర్థికవేత్త క్లాడియా గోల్డిన్‌కి 2023లో నోబెల్ వచ్చింది. పని పొలం నుంచి ఫ్యాక్టరీకి మారడం దగ్గర్నుంచి కారణాలు చాలానే ఉన్నాయి. పెళ్ళాం కూలికి వెళితే మొగుడికి నామోషీ అన్నది కూడా అందులో ఉంది. నామోషీ మీ చెల్లెలే కదా?

ఇప్పుడు మీ కొలువు ఇళ్ళల్లో. "ఉద్యోగం చేసుకోమనండి, మాకేం అభ్యంతరం లేదు" అన్నవాళ్ళకి ఎంత మంచి పేరో! వెనకాలే చిన్న షరతు: ఇంటి పనికి ఇబ్బంది రాకూడదు. జర్మనీలో కొట్టేసిన వాక్యాన్ని మీరు భద్రంగా దాచుకుని తెచ్చారన్నమాట. ప్రపంచంలో జీతం లేని ఇంటిపని, సంరక్షణ పనిలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆడవాళ్ళే చేస్తున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్క తేల్చింది. ఇబ్బంది రానట్టే ఉంది. నైట్ షిఫ్టు, ట్రాన్స్‌ఫరు, ప్రమోషన్ అనగానే మీరు లేచి కూర్చుంటారు. ఇంటి లోన్ కంతు కట్టే రోజు మాత్రం గాఢనిద్ర.

ఇక అసలు మనవి. మా ఆయన వచ్చే నెల కొత్త ఉద్యోగంలో చేరుతున్నారు. నన్నుగానీ, వాళ్ళ అత్తగారినిగానీ అడక్కుండానే ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేశారు, పాపం, పద్ధతి తెలియక. ఆయన నింపాల్సిన ఫారం మీ ఆఫీసులో ఏ కౌంటర్లో ఇస్తారో చెప్పగలరు. "పిల్లల్ని ఎవరు చూసుకుంటారు?" అన్న గడిలో ఏం రాయాలని కూడా అడుగుతున్నారు.

ఇట్లు,
తమరి పాత దరఖాస్తుదారు