స్టేజ్ వన్ రీమ్యాప్ గారికి కడప నుంచి ఒక జాబు

అయ్యా రీమ్యాప్ గారూ,

బాగుండారా? మీకేంలే, ఇంజన్ కంప్యూటర్‌లో కంపెనీ పెట్టిన లెక్కలు మార్చి బండికి పవర్ పెంచే సాఫ్ట్‌వేర్ మీరు, ల్యాప్‌టాప్‌లో ఒక మూల ఫైల్ మాదిరి పండుకొనుంటారు, డీజిల్ కొట్టియ్యాల్నా, క్లచ్ ప్లేటు మార్చాల్నా. మా చిన్నాయన బొలెరో పికప్‌లోకి మీరు దిగినప్పట్నుంచి ఇంట్లో చెల్లెలి పెండ్లి మాటలు కూడా పక్కనబెట్టి మీ గురించే మాట్లాడుతాండారు, అందుకే రాయాల్సొచ్చింది.

మీరు రాకముందు అది 2523 సీసీ, 75 హార్స్‌పవర్ బండి. కంపెనీవాళ్లు 1,700 కేజీలు వెయ్యమన్నారు, మావాళ్లు కడప బండలు ఎంత వేస్తారో చెప్పను, ఆర్టీవో ఆఫీసోళ్లు కూడా చదువుతాంటారు. ఆ లోడుతో గువ్వలచెరువు ఘాటు ఎక్కల్లంటే పాపం మూలుగుతాండె. లోడు తగ్గియ్ అన్నోడు ఒక్కడు లేడు. ముసలి మెకానిక్ మాత్రం ఎయిర్ ఫిల్టర్ తీసి నేలకేసి కొడితే పిడికెడు బండల దుమ్ము రాలింది, "ముందు ఇది మార్చు అబ్బయ్యా" అన్యాడు, ఆయన్ని పాతకాలం మనిషని పక్కకు పంపిచ్చేసి మీకు కబురు పెట్టినారు.

అసలు మిమ్మల్ని సెలెక్ట్ చేసిన పద్ధతి చెప్పల్ల. టీ అంగడి కాడ ఒకాయన ఫోన్‌లో వీడియో చూపిచ్చినాడు, పొగ ఎంత నల్లగా వస్తే అంత మంచి ఫైలంట! ఆ నల్లపొగ సరిగ్గా కాలని డీజిలే కద సామీ, బంకులో పది రూపాయలు తేడా వస్తే కొట్లాడే మా చిన్నాయన దాన్ని పైపులోంచి ఊదేస్తా మురిసిపోతాండాడు. మీ తమ్ముడు ట్యూనింగ్ బాక్స్ గారిని కూడా చూసినాం, ఆయన పని ఇంకా సులువు, డీజిల్ పోయే రైల్ పైపులో ప్రెషర్ తక్కువుంది సార్ అని ఈసీయూకు, అంటే ఇంజన్ కంప్యూటర్‌కు, అబద్ధం చెప్పి ఎక్కువ డీజిల్ కొట్టిచ్చుకుంటాడు. అబద్ధమాడినా పీకి పక్కన పెట్టొచ్చు, అదొక్కటి నాకు నచ్చింది.

చివరికి బెంగుళూరు అబ్బాయి వచ్చి 75 హార్స్‌ను 95 చేస్తానని గ్రాఫు చూపిచ్చినాడు, దాని మీదుండేదేమో స్కార్పియో పేరు, అడిగితే "అంతా ఒకటే అన్నా" అన్యాడు. ఫైల్ రాసేటప్పుడు కరెంటు దిగితే ఈసీయూ పోతాదని బ్యాటరీకి ఛార్జర్ తగిలిచ్చినాడు, మా పిన్నమ్మ ఇంకా నమ్మకం చాలక నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. స్క్రీన్ మీద 63 శాతం కాడ ఆగిపోతే ఇంటిల్లిపాది ఊపిరి బిగబట్టినాం.

అమెరికాలో మీ వంశం ఘనత కూడా చదివినా లెండి. పదేళ్లలో 5,50,000కి పైగా డీజిల్ పికప్‌లలో పొల్యూషన్ సామాన్లు పీకేసినారని అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2020లో అంచనా కట్టింది. వాళ్లవి పెద్ద పెద్ద ఇంజన్లు, తిన్నా అరుగుతాది. మా బండిలో మీరిచ్చిన టార్కును, అదే లాగే బలాన్ని, ముందుగా తినింది క్లచ్ ప్లేటు, ఘాటు సగంలో కమురు వాసన. ఎగ్జాస్ట్ వేడి చూసే గేజ్ పెట్టిచ్చుకో చిన్నాయనా, టర్బో మిగుల్తాది అంటే ఆ దుడ్లతో వెనకద్దం మీద "దమ్ముంటే దాటు" అని రేడియం స్టిక్కర్ కొట్టిచ్చినాడు. బండికేమో 80 కాడ స్పీడ్ లాక్ ఉండాది, ఆటోలు తప్ప అందరూ దాటుతాండారు.

2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో 182ఏ సెక్షన్ వచ్చింది, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. ఇది చెప్తే "స్టేజ్ టూకు కలిపి ఒకటే సారి కడదాంలే" అన్యాడు.

ఇంక అసలు సంగతి. పోయిన నెల క్లచ్ మార్చేటప్పుడు సర్వీసు సెంటరోళ్లు కంపెనీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కొట్టినారు. అంటే మీరు బండిలో లేరు, తుడిచిపెట్టుకోని పోయినారు. అక్కడి పిల్లోడు నా చెవిలో చెప్పినాడు. చిన్నాయన మాత్రం నిన్న కూడా టీ అంగడి కాడ "రీమ్యాప్ అయినాక పులి మాదిరి లాగుతాంది" అని ఇంకో ఇద్దరికి మీ నంబర్ ఇచ్చినాడు. వాళ్లకాడికి పోయినప్పుడు ఈ సంగతి ఎత్తొద్దు, నేనూ ఎత్తను, కొత్త ఎయిర్ ఫిల్టర్ కూడా ఆ రోజే వేయిచ్చినా.

ఇట్లు,
బండి ఖర్చులు రాసే కొడుకు