అప్పు ఎంతుందని అడగకుండా యువకుల ఆత్మహత్యలను ఆపలేం

2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క. అందులో 1,22,724 మంది మగవాళ్లు. మొత్తం మీద మూడో వంతు మంది 18 నుంచి 30 ఏళ్ల మధ్యవాళ్లే. ఇంటర్ ఫలితాలొచ్చినప్పుడు విద్యార్థుల గురించి, పంట దెబ్బతిన్నప్పుడు రైతుల గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాల్సిందే. కానీ అదే నివేదికలో నాలుగో వంతుకు పైగా ఉన్న రోజుకూలీల మీద చర్చ ఎక్కడ జరిగింది? చదువు మధ్యలో ఆపేసి, పట్నం వచ్చి డెలివరీ బండి నడుపుతున్న కుర్రాడు మన లెక్కలో విద్యార్థీ కాడు, రైతూ కాడు. అతని గురించి జిల్లా పేజీలో నాలుగు లైన్లు వస్తాయి, పైన ‘అప్పుల బాధతో యువకుడి ఆత్మహత్య’ అని హెడ్డింగ్. అంతటితో సరి.

ఏ ఒక్క కారణంతోనో ఎవరూ ప్రాణం తీసుకోరు. డిప్రెషన్ ఉంటుంది, మద్యం ఉంటుంది, ఇంట్లో గొడవలుంటాయి. అయినా మన దగ్గర యువకుల విషయంలో అప్పును, దాంతో వచ్చే అవమానాన్ని పక్కనపెట్టి ‘మనసు విప్పి మాట్లాడండి’ అని పోస్టర్లు అంటిస్తే ఏం లాభం? అతను ఏ విషయం దాస్తున్నాడో దాని గురించే మనం అడగడం లేదు.

లోన్ యాప్‌ల సంగతి అందరికీ తెలిసిందే. ఫీజు పేరుతో పెద్ద మొత్తం కోసుకుని మిగతాది ఖాతాలో వేస్తారు. వారం గడువు. అది దాటితే ఫోన్లో ఉన్న నంబర్లన్నింటికీ మెసేజ్‌లు వెళ్తాయి. మేనత్తకు, పని ఇచ్చిన మేస్త్రికి, మొన్న పెళ్లిచూపులకు వెళ్లొచ్చిన ఇంటివాళ్లకు, అందరికీ ‘ఇతను దొంగ’ అని. ఫొటోలు మార్ఫింగ్ చేసి పంపుతారు. బాకీ కొన్ని వేలే అయినా, పోయేది ఊళ్లో మొహం. 2020 చివర్లో తెలంగాణలో కేసులు, అరెస్టులు జరిగాయి. 2022 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ నిబంధనలు తెచ్చింది. అప్పిచ్చే యాప్ ఫోన్లోని కాంటాక్టులు, ఫొటోల జోలికి వెళ్లకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఆ నిబంధనను లెక్కచేయని దొంగ యాప్‌లు పేరు మార్చుకుని మళ్లీ వస్తూనే ఉన్నాయి.

‘అప్పు చేయమని ఎవడు చెప్పాడు? ఆన్‌లైన్ రమ్మీ ఆడమని, బెట్టింగ్ కాయమని ఎవడన్నాడు?’ అని అడిగేవాళ్లున్నారు. ఈ అప్పుల్లో ఆట అప్పులు ఉన్న మాట నిజమే. అయితే డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. అది ఉచ్చు అని ప్రభుత్వాలే ఒప్పుకున్నాక, అందులో పడ్డవాడి క్యారెక్టర్ గురించి తీర్పులు చెప్పడం అన్యాయం.

2010ని గుర్తు చేసుకోండి. మైక్రోఫైనాన్స్ ఏజెంట్ల వేధింపులు భరించలేక ఉమ్మడి రాష్ట్రంలో ఎందరో మహిళలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వాయిదా నెలకోసారే తీసుకోవాలి, వసూలు పంచాయతీ ఆఫీసు లాంటి చోటే జరగాలి, ఇంటి ముందుకొచ్చి బెదిరిస్తే శిక్ష తప్పదంది. దానివల్ల అప్పు పుట్టడం కష్టమైందన్న విమర్శ ఉంది, ఉండనీయండి. ఆ రోజు ‘మీరెందుకు తీసుకున్నారమ్మా’ అని ప్రభుత్వం ఆ ఆడవాళ్లను నిలదీయలేదు, అప్పిచ్చినవాడిని నిలదీసింది. ఇవాళ కుర్రాళ్ల విషయానికి వచ్చేసరికి తప్పంతా తీసుకున్నవాడిదే అయింది.

ఇంకో తేడా కూడా ఉంది, నాకు అదే అన్నిటికన్నా ముఖ్యం. ఆ ఆడవాళ్లకు సంఘం ఉంది. డ్వాక్రా మీటింగులో ఎవరి బాకీ ఎంతో అందరికీ తెలుసు. వాయిదా కట్టలేకపోతే తిట్టుకున్నా, సర్దుకున్నా పదిమంది ముందే. కష్టం బయటపడింది కాబట్టే అది రాజకీయ సమస్య అయింది. కుర్రాడు అర్ధరాత్రి రూములో ఒంటరిగా ఫోన్లో అప్పు తీసుకుంటాడు. దాన్ని తీర్చడానికి ఇంకో యాప్‌లో తీసుకుంటాడు. పక్క మంచం మీద పడుకున్న స్నేహితుడికి కూడా తెలియదు.

అందుకే ఇంట్లో మొదట అడగాల్సింది డబ్బు గురించే. ‘ఎంత బాకీ ఉందిరా? ఎవరెవరికి? ఏమీ అననులే, చెప్పు’ అని నాన్న అడిగితే సగం టెన్షన్ అక్కడే దిగుతుంది. తిట్టాలనిపిస్తే ఇంకో నెల తర్వాత తిట్టుకోవచ్చు. మాట తేడాగా ఉంటే ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని నేరుగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. అవునంటే అతన్ని ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు రాత్రయినా పగలైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. యాప్ వేధింపులైతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయాలి. ఆ ఘడియ దాటి బతికి బయటపడ్డవాళ్లలో చాలామంది తర్వాత మళ్లీ ఆ దారి పట్టరు. అప్పు తీర్చడానికి ఏళ్లు పట్టినా పట్టవచ్చు, ప్రాణం మీదికి తెచ్చే ఆ తీవ్రత మాత్రం అన్నాళ్లు ఉండదు.

కానీ అన్నీ ఇంట్లోవాళ్ల మీదే వేస్తే ఎలా? మన బస్తీల్లో ఇరవై ఐదేళ్ల మగవాడు డబ్బు ఖర్చు పెట్టకుండా నలుగురితో కూర్చునే చోటు ఏది? టీ కొట్టు, వైన్ షాపు, లేదంటే బండి మీద రోడ్డు. యువజన సంఘాలున్నాయి, వినాయక చవితి చందాలప్పుడు కనిపిస్తాయి. గ్రంథాలయాలున్నాయి, ఇంటి పన్నుతో పాటు వాటి సెస్సు కూడా వసూలవుతూనే ఉంది. కానీ కుర్రాళ్లు డ్యూటీ దిగే వేళకు వాటికి తాళం పడుతుంది. ఆ తాళం రాత్రి పది దాకా తీసి ఉంచాలి. వారానికోసారి అక్కడ బ్యాంకు నుంచి ఒకరిని, లీగల్ సర్వీసెస్ వాలంటీర్‌ను కూర్చోబెట్టి, యాప్ అప్పులున్న కుర్రాళ్ల ఫోన్లు తెరిపించి లెక్క చూడాలి. ఏది కట్టాలి, ఏది దొంగ యాప్, ఎవరి మీద కేసు పెట్టాలి అన్నది పక్కన ఇంకో నలుగురు ఉండగానే తేల్చాలి. వార్డుల్లో ఓట్లడగడానికి వచ్చేవాళ్లను రోడ్డు, డ్రైనేజీతో పాటు దీని గురించీ అడగండి.