గిడుగు పుస్తకాలను ఏ వరుసలో చదవాలి?

ఆగస్టు 29 రాగానే శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ గిడుగు వెంకట రామమూర్తి పటానికి దండ పడుతుంది. 'వ్యావహారిక భాషోద్యమ పితామహుడు' అన్న బిరుదు మైకులో రెండు మూడుసార్లు మోగుతుంది. చర్చ ఇంగ్లీషు మీడియం మీదకు మళ్లుతుంది, టీలు వస్తాయి, సభ అయిపోతుంది. ఆయన రాసిన పుస్తకాల పేర్లు నాలుగు చెప్పమంటే మాత్రం వేదిక మీదే నీళ్లు నమలడం మొదలవుతుంది.

ఆ పుస్తకాలు ఒక జాతివి కావు, చిక్కంతా అక్కడే ఉంది. సవర అనే గిరిజన తెగ పిల్లల కోసం చేసిన వాచకాలు, సవరల నోటి నుంచి సేకరించిన పాటలు, కథలు ఒక వైపు. మద్రాసు ప్రభుత్వం అచ్చువేసిన సవర వ్యాకరణం (1931), సవర–ఇంగ్లీషు నిఘంటువు (1938) ఇంకో వైపు. శాసన పరిష్కరణలు, 1919లో నడిపిన 'తెలుగు' మాసపత్రిక, పండితులతో పోట్లాడిన తెలుగు పుస్తకాలు వీటికి అదనం. మన వాళ్లు ఈ చివరి వాటితోనే మొదలుపెడతారు. అలా మొదలుపెడితే గిడుగు ఒక వాదప్రియుడిగా మాత్రమే కనిపిస్తాడు. వరుస తిరగేసి వాచకం, నిఘంటువు, శాసనం, ఆ తర్వాత వాదం అని చదివితే ఒకే పని నాలుగు చోట్ల జరిగినట్టు తెలుస్తుంది. విన్నదాన్ని విన్నట్టు, ఉన్నదాన్ని ఉన్నట్టు రాసుకోవడమే ఆ పని.

మొదట సవర. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉండగానే, ఆ భాష మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆయన సవర నేర్చుకున్నారు. సవర తెలుగుకు చుట్టం కాదు, ముండా కుటుంబానికి చెందిన భాష. తెలుగు చెవికి అందులో మొదట తప్పిపోయేది గొంతు దగ్గర పడే చిన్న అడ్డు. నీళ్లకు సవర మాట 'దఅ'. రెండు అచ్చుల మధ్య గొంతు ఒక్క క్షణం మూసుకుని తెరుచుకుంటుంది. తెలుగు మాస్టారు దాన్ని 'దా' అని సాగదీసి నల్లబల్ల మీద రాస్తే పిల్లవాడికి అది తన మాటలా వినపడదు. రెండో తప్పు పదాల చివర జరుగుతుంది. బస్, కార్ అన్నవాటిని బస్సు, కారు చేసుకున్న నోరు మనది, హల్లుతో ఆగే పదం మన నాలుక మీద నిలవదు. సవరలో అలాంటి పదాలు కొల్లలు. పొల్లు పెట్టాల్సిన చోట ఉకారం తగిలిస్తే అది తెలుగు యాసలో పలికిన సవర అవుతుంది, అంతే. 1931 నాటి ఇంగ్లీషు పుస్తకం అట్ట మీద భాష పేరులోనే అచ్చుల పక్కన దీర్ఘానికి గుర్తుగా రెండు చుక్కలు ఉంటాయి. అచ్చు దోషమని వాటిని తీసేసి జాబితాల్లో రాసేవాళ్లున్నారు. అవి ధ్వనిశాస్త్ర లిపి చిహ్నాలు. ఎంత పట్టుగా విన్నాడో చెప్పే సాక్ష్యం పుస్తకం పేరులోనే పెట్టుకున్న మనిషి ఆయన.

ఇంకో సంగతి పదాల పొట్టి రూపాలు. సవరలో చాలా నామవాచకాలకు విడిగా నిలిచే రూపం ఒకటి, వేరే పదంలో ఇమిడిపోయే పొట్టి రూపం ఇంకొకటి ఉంటాయి. గేదెను విడిగా 'బొంగ్‌తెల్' అంటారు, క్రియ లోపలికి వెళ్తే అది 'బొంగ్' అవుతుంది. 'గేదె మాంసం తింటారా?' అన్న ప్రశ్న మొత్తం ఒకే క్రియాపదంలో పట్టేస్తుంది. ఈ సంగతి తెలియకుండా తెలుగు పదానికి సవర పదం అంటూ రెండు వరుసల పట్టిక రాసుకుని వెళ్లిన ఉద్యోగికి పట్టికలోని మాట ఒక్కటీ ఎదుటివారి నోట వినపడదు.

లెక్కల దగ్గర చిక్కు మరీ పెద్దది. సవర లెక్క పన్నెండు దగ్గర మలుపు తిరుగుతుంది. 12ను 'మిగ్గల్' అంటారు. 13 అంటే మిగ్గల్ మీద ఒకటి, 19 అంటే మిగ్గల్ మీద ఏడు. 20 దగ్గర కొత్త మెట్టు మొదలవుతుంది. అక్కడి నుంచి 32 అంటే ఇరవై మీద పన్నెండు, 33 అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. 99 చెప్పాలంటే నాలుగు ఇరవైలు, ఒక పన్నెండు, ఒక ఏడు. ఇలా లెక్కపెట్టే పిల్లవాడికి ఒకటో తరగతిలో 'పదమూడు అంటే పది మీద మూడు' అని ఒకట్లు, పదుల గళ్లు గీసి చూపిస్తే వాడి బుర్రలో ఉన్న లెక్క తప్పని చెప్పినట్టే. వాడికి లెక్కలు రావని రిజిస్టరులో రాసేస్తారు. పిల్లవాడి భాషలోనే మొదటి వాచకం ఉండాలని గిడుగు పట్టుబట్టింది జాలితో అనుకుంటే పొరపాటు. బోధన ఎక్కడ తెగిపోతోందో తరగతి గదిలో నిలబడి చూసిన పంతులు ఆయన. ప్రభుత్వం పారితోషికం ఇస్తానంటే వద్దని, ఆ డబ్బు సవరల బడికి పెట్టమన్నది కూడా అందుకే.

ఇక శాసనాలు. వంశధార ఒడ్డున ముఖలింగం ఉంది, మధుకేశ్వరాలయం గోడల నిండా రాతలే. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని వాదించినవారిలో గిడుగు ముందువరసలో ఉన్నారు. గాంగ రాజు వజ్రహస్తుడి నడగాం తామ్రశాసనాన్ని, శాసనాలు అచ్చువేసే 'ఎపిగ్రాఫియా ఇండికా' నాలుగో సంపుటంలో పరిష్కరించారు. దాని కాలం శక సంవత్సరం 979, 78 కలిపితే క్రీస్తు శకం 1057 దగ్గర పడుతుంది. శాసనం చదివే పనికి ఒక నియమముంది. రాతి శాసనమైతే ముందు బ్రష్షుతో కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్దుతారు. సిరా ఎక్కువైతే లోతు తక్కువున్న అక్షరాలు పూడిపోతాయి. కాగితం ముందే ఆరిపోతే అంచులు లేచి వరుస చెదురుతుంది. నకలు చేతికొచ్చాక అసలు పరీక్ష మొదలవుతుంది. చెక్కినవాడు హ్రస్వం బదులు దీర్ఘం చెక్కి ఉంటే పాఠంలో అలాగే ఉంచాలి, సరైన రూపం అధస్సూచికలో చెప్పాలి. పాఠంలోనే దిద్దేస్తే ఆ కాలంలో ఆ మాటను ఎలా పలికేవారో తెలిపే ఒక్క ఆధారమూ పోతుంది.

ఈ అలవాటున్న మనిషి 1906 తర్వాత తెలుగు వాచకాల వైపు తిరిగితే ఏమవుతుంది? పాఠశాలల పర్యవేక్షకుడు జె.ఎ. యేట్స్ తెలుగు బోధన గురించి ప్రశ్నలు వేశాడు. జనం ఒకలా మాట్లాడుతుంటే బడి ఇంకోలా ఎందుకు రాయిస్తోందని అడిగాడు. గిడుగు జవాబు కొత్త సిద్ధాంతమేమీ కాదు. తామ్రశాసనం దగ్గరా సవర మనిషి దగ్గరా చేసిన పనే తెలుగు దగ్గర చేశారు, వాడుకను పోగేశారు. 'గద్య చింతామణి', 'బాలకవి శరణ్యం', 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' నిండా ఉన్నవి ఉదాహరణలే. గ్రాంథికం రాయాలన్న పండితులే దాన్ని తప్పులు లేకుండా రాయలేకపోతున్నారని వారి వాక్యాలతోనే చూపించారు. మూడో పుస్తకం పేరులో చమత్కారముంది. సంస్కృతంలో భేషజం అంటే మందు, మన వాడుకలో డాంబికం. పండితులు ఏ అర్థం తీసుకున్నా దెబ్బ తగులుతుంది. నిజానికి ఈ పుస్తకాలు చదవడం కష్టం. ఉదాహరణ మీద ఉదాహరణ పడి పేజీలు బరువెక్కుతాయి. ఒకేసారి చదవాలనుకోకండి, నిఘంటువులా తిరగేయండి.

కథ, నాటకం లాంటి కల్పనా రచనల లోటు గిడుగు అలమరలో ఉన్నదే. సవర కథలు సవరలవి, ఆయన సేకర్త మాత్రమే. ఆ లోటు తీర్చింది విజయనగరం మహారాజా వారి ఇంగ్లీషు బడిలో ఆయనతో చదువుకున్న గురజాడ. 1897లో అచ్చై, 1909లో పూర్తిగా తిరగరాసిన 'కన్యాశుల్కం' లేకపోతే, మాట్లాడే భాష పెద్ద రచనను మోయగలదా అన్న ప్రశ్నకు గిడుగు దగ్గర ఉదాహరణ ఉండేది కాదు. 1914లో వాడుక భాషను సమర్థిస్తూ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాసిందీ గురజాడే. అంచేత ఈ ఇద్దరి పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకోవాలి.

గ్రంథాలయంలో పక్కపక్కన పెట్టడం అంత తేలిక కాదు. విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లు వేసే డ్యూయీ పద్ధతిలో తెలుగు భాష 494.827, తెలుగు సాహిత్యం 894.827, ముండా భాషలు 495.95. శాసనం చరిత్ర వైపు వెళ్లిపోతుంది. నంబర్లు సరిగ్గా వేసినా ఒక మనిషి నాలుగు గదుల్లోకి చెదిరిపోతాడు. సవర వ్యాకరణాన్ని 'వ్యాకరణం' అన్న మాట చూసి తెలుగు వ్యాకరణాల మధ్య దూరిస్తే దాన్నిక ఎవరూ తీయరు. పేరుతో వచ్చే చిక్కు వేరే. ఇంగ్లీషు పుస్తకాల మీద జి.వి. రామమూర్తి, తెలుగు వాటి మీద గిడుగు, కొన్నిచోట్ల రామమూర్తి పంతులు. సూచీలో 'గిడుగు వెంకట రామమూర్తి' అని ఒక్క శీర్షిక పెట్టి మిగతా రూపాల నుంచి దానికి దారి చూపాలి. ఎపిగ్రాఫియా లాంటి సంపుటాల్లోని వ్యాసాలకు విడిగా కార్డు రాయకపోతే అవి ఉన్నట్టే తెలియదు.

పునర్ముద్రణల్లో జరిగే నష్టం ఇంతకంటే పెద్దది. వర్ణక్రమం గురించి వాదించే పుస్తకాన్ని టైపు చేస్తూ దాని వర్ణక్రమాన్నే 'సరిదిద్దుతారు'. అరసున్న ఎగిరిపోతుంది, బండి ఱ కాస్తా ర అవుతుంది, దంత్య ౘ, ౙ లు కీబోర్డులో దొరక్క చ, జ లైపోతాయి. యూనికోడ్‌లో నాలుగింటికీ చోటుంది: ఁ 0C01, ఱ 0C31, ౘ 0C58, ౙ 0C59. ఫాంటు వాటిని చూపిస్తుందో లేదో మొదటి పేజీ టైపు చేయకముందే చూసుకోవాలి. ప్రూఫు దిద్దేవారికి శాసనపాఠం నియమమే చెప్పాలి: పాఠాన్ని ముట్టుకోవద్దు, అనుమానముంటే కింద రాయండి.

గిడుగు పనిలో ఒక కొరత దాచక్కర్లేదు. ఆయన జీవితకాలం శ్రమించిన వ్యాకరణం, నిఘంటువు రెండూ ఇంగ్లీషు ద్వారా సవరకు చేరేవి. అచ్చువేసింది ప్రభుత్వం కాబట్టి అవి అధికారులకూ పరిశోధకులకూ పనికొచ్చాయి. ఇంగ్లీషు అంతగా రాని ఏజెన్సీ బడి పంతులుకు అందలేదు. ఆ తర్వాత నేల కూడా చీలింది. 1936 ఏప్రిల్‌లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లిపోతే ఆయన నిరసనగా రాజమండ్రి చేరారు. అదే సంవత్సరం జూన్‌లో అటువైపు మంగెయి గమాంగో సవరకు 'సొరంగ్ సొంపెంగ్' అని సొంత లిపి తయారుచేశాడు. సరిహద్దుకు ఇవతల సవర వాచకాలు తెలుగు అక్షరాల్లో వస్తున్నాయి, 'దఅ'ను ఎలా రాయాలన్న ప్రశ్నతో సహా.