ఎర్ర బటన్ ఒత్తితే కాలిపోతుందట!

కోపం మీదున్నా, తప్పులుంటే సర్దుకోండి. బావను ముఖం మీద ఒక్క మాట అనలేను, అక్క మొగుడు. అందుకే ఇక్కడ కక్కుతున్నా.

హన్మకొండలో మా ఇంటి వెనక రేకుల గదిలో నా సీఎన్‌సీ మెషీన్, అంటే కంప్యూటర్ చెప్పినట్టు లోహం చెక్కే మెషీన్, ఉందని మీలో చాలామందికి తెలుసు. చేత్తో తిప్పే పాత చిన్న మిల్లింగ్ మెషీన్‌ను తుక్కు రేటుకు కొని, హ్యాండిళ్లు పీకి, మూడు వైపులా కొలత ప్రకారం జరిపే స్టెప్పర్ మోటార్లు, బాల్ స్క్రూలు వేసి ఏడాదిగా దాంతోనే కాపురం చేస్తున్నా. నిన్న సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి బావ, మేనల్లుడు ఇద్దరూ దాని ముందు దొంగల్లా నిలబడి ఉన్నారు. గృహప్రవేశానికి నేమ్‌బోర్డు చెక్కుకుందామని వాళ్లే మొదలుపెట్టారట. అల్యూమినియం పలక మీద ‘శ్రీ’ వరకు చక్కగానే వచ్చింది. ఆ తర్వాత బావ పేరు, ఇంటిపేరు మొత్తం ఒకే చోట ఒకదాని మీద ఒకటి పడి నల్లటి ముద్దైంది. టేబుల్ ఆ చివరికి వెళ్లి గుద్దుకుంది, ఇక పక్కకు జరగలేదు. మోటారు మాత్రం గర్ర్‌ర్ అంటూ తిరగబోతూనే ఉంది. మోటారును స్క్రూకు కలిపే కప్లింగ్ చీలింది.

టేబుల్ చివరికి వస్తే మెషీన్‌ను ఆపాల్సిన లిమిట్ స్విచ్ ఎందుకు ఆపలేదా అని చూస్తే, దాని రెండు వైర్లూ కోసి, కలిపి మెలేసి ఉన్నాయి. పైన నల్ల టేపు కూడా చుట్టాడు మహానుభావుడు. ఎంత నీటుగా చుట్టాడంటే, ఇంట్లో ఫ్యాన్ వైరుకు కూడా ఎప్పుడూ అలా చుట్టి ఉండడు.

‘‘ఊకె మొత్తుకుంటాందిరా నీ మిషిను. గందుకే గా రెండు వైర్లు కలిపిన. మంచిగనే నడిచింది.’’

మంచిగనే నడిచింది!

అలారం ఎందుకు వస్తోందో నాకు తెలుసు, ఒప్పుకుంటా. కట్టర్‌ను తిప్పే స్పిండిల్ వైరు, లిమిట్ స్విచ్ వైర్లు ఒకే గొట్టంలో తోశాను. స్పిండిల్ తిరిగితే దాని కరెంటు రొద (నాయిస్) స్విచ్ వైర్లలోకి ఎక్కుతుంది, మెషీన్‌ను నడిపే బోర్డు ఏదో తగిలిందనుకుని ఆగిపోతుంది. ఆ నాయిస్‌ను అడ్డుకునే షీల్డెడ్ కేబుల్ రెండు వారాలుగా నా బండి డిక్కీలోనే ఉంది. సరే. అది నా బద్ధకం. కానీ కుక్క మొరుగుతోందని దాని నోరు కుట్టేస్తామా?

ఆ స్విచ్‌లకు నేను పడ్డ తంటా ఎవడికి తెలుసు. ఎక్స్, వై, జెడ్ మూడింటికీ అటొకటి ఇటొకటి, మొత్తం ఆరు. టేబుల్ నేరుగా వచ్చి గుద్దకుండా, పక్క నుంచి రోలర్‌ను ఒత్తుకుంటూ దాటేలా, చివర ఇంకా ఐదారు మిల్లీమీటర్లు ఉండగానే ఆగేలా రేకు ముక్కలు వంచి బిగించాను. అన్నీ ఎన్‌సీ (నార్మల్లీ క్లోజ్డ్) పద్ధతిలో కలిపాను. అంటే మామూలుగా కరెంటు పారుతూనే ఉంటుంది, ఏదైనా తగిలితే తెగుతుంది. దీంతో లాభం ఏమిటంటే, వైరు ఊడినా, ఎలుక కొరికినా అది కూడా తెగినట్టే లెక్క, మెషీన్ ఆగుతుంది. ఉల్టా పద్ధతిలో కలిపితే వైరు ఎప్పుడో తెగి ఉంటుంది, గుద్దేదాకా తెలియదు. ఎలుక కొరికినా ఆగే మెషీన్ బావ చేయి పడితే మాత్రం ఆగలేదు.

ఇంకోటి. బోర్డులో జీఆర్‌బీఎల్ అనే మెషీన్ నడిపే సాఫ్ట్‌వేర్ ఉంది, ఆన్ చేయగానే ముందు హోమింగ్ చెయ్, అంటే చివరి స్విచ్‌లను తాకించి సున్నా ఎక్కడో చూపించు అని తాళం వేసుకుని కూర్చుంటుంది. మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు, ఫోన్లో వెతికి డాలర్ ఎక్స్ ($X) కొడితే తాళం ఊడుతుందని కనిపెట్టాడు. చదువు అబ్బింది పిల్లగానికి! హోమింగ్ చేయకపోతే మెషీన్ నిలబడ్డ చోటే సున్నా అనుకుంటుంది, ఇక ‘ఇంత దూరం దాటొద్దు’ అని సాఫ్ట్‌వేర్‌లో సాఫ్ట్ లిమిట్లు పెట్టినా దేనికీ పనికిరావు. ఇంటి నంబరు తప్పు రాసి పోస్ట్‌మ్యాన్‌ను తిట్టినట్టు.

అసలు ఒళ్లు మండింది ఇక్కడ కాదు. మెషీన్ ముందే, చేతికందే ఎత్తులో, పసుపు డబ్బా మీద పుట్టగొడుగంత ఎర్ర బటన్ ఉంది. ఎమర్జెన్సీ స్టాప్. ఒక్క గుద్దు గుద్దితే కాంటాక్టర్ అనే పెద్ద కరెంటు స్విచ్ పడిపోయి స్పిండిల్‌కు, మోటార్లకు కరెంటు పోతుంది. కంప్యూటర్‌ను అడగాల్సిన పని లేదు, నేరుగా కరెంటే కట్. దాన్ని వదిలేసి ఈయన బీరువా వెనక్కి దూరి ప్లగ్గు పీకాడట.

‘‘గా ఎర్రది ఒత్తొచ్చు కద బావా?’’

‘‘ఒత్తితె అంత కాలిపోతదేమో అనుకున్న.’’

కాలిపోతుందట. కాపాడే బటన్ ముట్టుకోవడానికి భయం, వైర్లు కోసి ముడేయడానికి మాత్రం ధైర్యం. హెల్మెట్ అద్దానికి తగిలించి, చౌరస్తాలో పోలీసు కనపడగానే నెత్తిన పెట్టుకునే బ్యాచ్ ఇదే.

ఇది బావ ఒక్కడి రోగం కాదు. పరకాల దగ్గర మా ఊళ్లో బోరు మోటార్ల స్టార్టర్ డబ్బాలు తెరిచి చూడండి. కరెంటు పోతే స్టార్టర్ పడిపోవాలి, వచ్చాక మనిషి వెళ్లి పచ్చ బటన్ ఒత్తితేనే లేవాలి. దానికి మనవాళ్లు వేప పుల్ల అడ్డం పెడతారు, కాస్త డబ్బులుంటే ఆటో స్టార్టర్ బిగిస్తారు. రాత్రి కరెంటు రాగానే మోటారు దానంతట అదే లేస్తుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయండి, నీళ్లు వృథా పోతాయని ఊరూరా తిరిగి చెప్పారు. ఎవడు విన్నాడు? కరెంటు లేదనుకుని వైరు పట్టుకున్నవాడు ఏమైపోతాడో ఎవరికీ పట్టదు. నా స్పిండిల్‌కు కాంటాక్టర్ పెట్టింది కూడా అందుకే, కరెంటు పోయి వస్తే నేను ఒత్తకుండా తిరగకూడదని. మామూలు స్విచ్ చాలదా, ఇంత ఖర్చెందుకు అని అడిగినవాళ్లు కూడా ఇక్కడే ఉన్నారు, వాళ్లకు నమస్కారం.

ఎక్కడిదో మాట ఎక్కడికో పోతోంది, పోనీ. ఇరవై ఏళ్ల వయసులో ఆటోనగర్‌లో ఓ షెడ్డులో పనికి చేరాను. రేకును అచ్చుతో గుద్దే పవర్ ప్రెస్ ఉండేది. రెండు చేతులతో రెండు బటన్లు ఒకేసారి ఒత్తితేనే ఆ అచ్చు (డై) దిగుతుంది, అంటే చేయి లోపల ఉండే అవకాశమే లేదు. పని స్లోగా అవుతోందని మేస్త్రి ఒక బటన్‌లో అగ్గిపెట్టె మడిచి ఇరికించాడు. అదేంటి అని అడిగితే, ‘‘పని రానోళ్లకేరా గవన్ని’’ అన్నాడు. దసరాకు అదే ప్రెస్‌కు బంతిపూల దండ, కుంకుమ బొట్లు, నాలుగు దిక్కులా నిమ్మకాయలు. నిమ్మకాయ కట్టడానికి, చేయి లోపలికి పోకుండా బిగించే గార్డు అడ్డం వస్తోందని గార్డు విప్పి పక్కన పడేశారు, మళ్లీ బిగించలేదు.

సంక్రాంతికి ముందు మా తోటి పిల్లగాడికి రెండు వేళ్లు పోయాయి. మేస్త్రి ముందు చేసిన పనేంటో తెలుసా? ఆ అగ్గిపెట్టె పీకి జేబులో వేసుకున్నాడు. నేను చూశాను. ‘‘వాని ధ్యాసే లేదు, ఫోన్ల పడ్డడు’’ అని ఓనర్‌కు చెప్పాడు. ఓనర్ కూడా అదే రాసుకున్నాడు. కదిలే భాగాలకు అడ్డు ఉండాలని మనం 1948లోనే ఫ్యాక్టరీల చట్టం రాసుకున్నాం మరి! నేను మాట్లాడలేదు. జీతం రావాల్సి ఉండె. నెలాఖరుకు తీసుకుని మానేశాను.

అందుకే ఆ నల్ల టేపు చూడగానే నా చేతులు వణికాయి. బావకు అది అర్థం కాదు. ఆ లిమిట్ స్విచ్ ఖరీదు రెండు ప్లేట్ల మిర్చీలంత, దానికింత గాయి ఏందిరా అంటాడు. పక్కన నిలబడి పలక మీద ముక్కలు ఊదుతున్నది ఆయన కొడుకే, వాడి వేళ్లు ఎక్కడున్నాయో చూసుకున్నాడా?

పొద్దున అక్క ఫోన్ చేసింది. మీ బావ చిన్నబుచ్చుకున్నాడురా, నేమ్‌బోర్డు గురువారం లోపు కావాలట, అంది. కప్లింగ్ ఆర్డర్ పెట్టాను. ఇవాళ రాత్రి షీల్డెడ్ కేబుల్ వేస్తాను, అది నా వంతు. ఆ ముడి మాత్రం అలాగే ఉంచాను, టేపుతో సహా. ఆదివారం బావ వస్తానన్నాడు. ఆయన చేతే విప్పిస్తాను, తర్వాత మెషీన్ ఆన్ చేసి ఆ ఎర్ర బటన్ పదిసార్లు ఒత్తిస్తాను.