స్కాన్ చేశారు సరే, దొరికేదెలా?

గూగుల్‌లో తెలుగులో ‘అమరావతి’ అని కొట్టి చూడండి. రాజధాని వార్తలు, ప్లాట్ల రేట్లు వరస కడతాయి. స్తూపం కోసం కిందికి వెతుక్కోవాల్సిందే. ఇంగ్లీషులో కొడితే ఒక్క అక్షరం జారినా మహారాష్ట్రలో తేలతాం. 19వ శతాబ్దంలో మన గుంటూరు సీమ నుంచి లండన్ చేరిన సున్నపురాతి శిల్పాలకు బ్రిటిష్ మ్యూజియం సైట్‌లో నంబరు, కొలత, ఫొటో అన్నీ ఉన్నాయి. అవి ఇంగ్లీషులో అడిగేవాడికే. తెనాలిలో పదో తరగతి పిల్ల తెలుగులో అడిగితే పలకవు.

లండన్‌ను అనే ముందు మన సంగతి చూసుకోవాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే ప్రభుత్వ పథకం కింద వేల తెలుగు పుస్తకాలు స్కానయ్యాయి. పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, ‘ఆంధ్ర’ అన్న మాటే ఒక్కోచోట ఒక్కోలా ఎక్కింది. లోపలి పేజీ ఉత్త బొమ్మ. అందులోని అక్షరం యంత్రానికి కనపడదు. తర్వాత ఆ సైటే మూతబడింది. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే మరో సైట్‌లో ప్రతులు మిగలడం, తెలుగు వికీపీడియా వాళ్లు కూర్చుని జాబితాలు రాయడం మన అదృష్టం.

‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లది ఇంకో గోల. మన డీటీపీ షాపుల్లో ఏళ్ల తరబడి వాటితో కొట్టిన పీడీఎఫ్‌లు కంటికి తెలుగే, సెర్చికి మాత్రం పిచ్చి గీతలు. అన్ని యంత్రాలూ చదవగల యూనికోడ్ అక్షరాల్లోకి మార్చందే అవి దొరకవు.

ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ 1914లో జరిగింది ఈ బెజవాడలోనే. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెక్కించి కాలువ గట్టు ఊళ్లకు తీసుకెళ్లారు. ఇవాళ పడవ కూడా అక్కర్లేదు. ప్రతి ఫైలుకూ పేరు, రచయిత, ఏడాది, ఊరు తెలుగు లిపిలో రాస్తే చాలు. బెజవాడ అని ఉంటే పక్కన విజయవాడ అనీ రాయాలి. సైటు మార్చినా లింకు మారకూడదు.

ఈ పని ఎందుకు జరగదో ఊహించడం కష్టం కాదు. పేజీకింత అని బిల్లు ఇస్తే స్కానింగ్ కాంట్రాక్టరు పేజీలే తిప్పుతాడు; పేరు సరిగ్గా రాస్తే అతనికి ఒరిగేదేముంది? అందుకే మేము అడిగేది చిన్నదే. ఆఖరి బిల్లు పాస్ చేసే ముందు సంబంధిత అధికారి తన ఫోన్‌లో ఓ పది పుస్తకాల పేర్లు తెలుగులో కొట్టి చూడాలి. దొరికితేనే సంతకం పెట్టాలి.