జెకిల్ దీవి కథ కోటీశ్వరులతో మొదలుకాలేదు

అమెరికాలోని జార్జియా తీరాన ఉన్న జెకిల్ దీవి గురించి ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో, 1888లో తెరిచిన కోటీశ్వరుల క్లబ్బు, 1910లో అక్కడ గుట్టుగా జరిగిన బ్యాంకర్ల సమావేశం చక్కగా చెప్పారు. కానీ 1858 నవంబరు ఊసే లేదు, చదువుతుంటే మనసుకు కష్టమనిపించింది. బానిసల దిగుమతిని 1808లోనే నిషేధించారు. అయినా 50 ఏళ్ల తర్వాత వాండరర్ అనే ఓడ దాదాపు 400 మంది ఆఫ్రికన్లను దొంగచాటుగా ఈ దీవిలోనే దించింది. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. 1947లో రాష్ట్ర ప్రభుత్వం దీవిని తీసుకున్నాక కూడా నల్లజాతివాళ్లకు దక్షిణ కొసన వేరే బీచ్ కేటాయించారు. ఇక పర్యాటకులు ఫోటోలు దిగే, ఉత్తర కొసనున్న డ్రిఫ్ట్‌వుడ్ బీచ్‌లో ఎండు చెట్లు ఎందుకు పడి ఉన్నాయంటే, ఉత్తర తీరం కోతకు గురై ఇసుక దక్షిణానికి చేరుతోంది. వెళ్లేవాళ్లు అక్కడ ఫోటోలు దిగి వచ్చేయకండి. దక్షిణ కొసన వాండరర్ స్మారకం ఉంది, దాన్నీ చూడండి.