చెత్త కొరత తీర్చేదెవరు?

విశాఖలో ఒక తీవ్రమైన సమస్యను ఎవరూ పట్టించుకోవడం లేదు. ఆదివారం పొద్దున్నే ఆర్కే బీచ్‌కి సేవ చేద్దామని వచ్చే విద్యార్థులకు సరిపడా చెత్త దొరకడం లేదు.

తప్పంతా పారిశుధ్య కార్మికులది. ఇంకా చీకటి ఉండగానే వచ్చి, ఎవరితోనూ ఒక్క మాటైనా అనకుండా ఊడ్చేసి పోతున్నారు. ఎండెక్కాక కాలేజీ బస్సు దిగే యువత ఏమైపోవాలి? ఆమధ్య కురుసుర జలాంతర్గామి ఎదురుగా కళ్లారా చూశాను. ఇసుకలో ఒకే ఒక్క మొక్కజొన్న బెండు. దాని చుట్టూ కొత్త టీషర్టుల్లో, గ్లౌజుల్లో తొమ్మిది మంది. "ఒరేయ్, ఇంకాస్త వంగండ్రా, బెండు పడట్లేదు" అంటున్నాడు ఫోన్ పట్టుకున్న కుర్రాడు. బెండును సంచిలో వేశారు. వీడియో కోసం బయటికి తీసి మళ్లీ వేశారు. పక్కనే చీపురుతో నిలబడ్డ ఆవిడ "అయిపోతే చెప్పండి బాబూ, నేనెత్తీసుకుంటాను" అంది. వృత్తిపరమైన అసూయ కాకపోతే ఏమిటిది?

పిల్లల్ని అనడానికి నోరు రాదు. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) సర్టిఫికెట్టు కావాలంటే రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి. డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు ఇంకో 180 గంటలు. రికార్డు రాయాలి, సంతకాలు పెట్టించాలి, ఫొటోలు అంటించాలి. 1969లో గాంధీ శతజయంతి వేళ మొదలైన ఎన్‌ఎస్‌ఎస్ నినాదం 'నాకు కాదు, నీకు'. ఫొటోలో మాత్రం 'నీకు' పక్కకి జరిగితేనే 'నాకు' బాగా పడుతుంది.

వృద్ధాశ్రమాల్లో అనుభవం పండిపోయింది. ఒకే ఆదివారం మూడు కాలేజీలు అరటిపళ్లతో దిగితే, మామ్మగారే "ఎటు తిరగమంటావు నాయనా?" అని అడుగుతున్నారు. ఆవిడ మంగళవారం నాడు ఏం తింటారన్నది సిలబస్‌లో లేదు.

క్రమశిక్షణ లేని సేవకూ ఉదాహరణ ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఊరిని ఊడ్చేశాక, ఎవరూ పిలవకుండానే కుర్రాళ్లు రోడ్లకడ్డంగా పడ్డ చెట్లు లాగిపారేశారు, నీళ్లు మోశారు. బ్యానర్ లేదు. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, ఒక్క సెల్ఫీ పోస్ట్ చేసే దిక్కులేదు. అంత కష్టానికి క్రెడిట్లు ఎవరిస్తారు?

కాబట్టి నగరపాలక సంస్థకు మనవి. శనివారం రాత్రి బీచ్‌లో కొంత మేర ఊడ్చకుండా విద్యార్థులకు రిజర్వ్ చేయాలి. అందాకా 'ప్లాస్టిక్ రహిత తీరం' అని రాసిన ఫ్లెక్సీని ప్రతి కాలేజీ అక్కడే వదిలేసి బస్సెక్కుతోంది కాబట్టి, వెనక వచ్చే కాలేజీకి ఎత్తడానికి కనీసం అదైనా మిగులుతోంది.